అరుదైన జబ్బుకు ఖరీదైన మందు: విజయవాడ, గుంటూరు కుటుంబాలు ప్రభుత్వ సాయం పొందడం ఎలా

బిడ్డకు వచ్చిన జబ్బు పేరు మొదటిసారి విన్న గదిలోనే దాని మందు ధర కూడా వినవలసి రావడం తల్లిదండ్రులకు మోయలేని బరువు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రి మెట్లు దిగుతూ చాలామంది మొదట చేసే పని, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు ఫోన్ చేసి పొలం అమ్మకం సంగతి ఎత్తడం. ఆ ఫోన్ చేసే ముందు కాస్త ఆగండి. ఎకరం అమ్మినా కొద్ది నెలల మందుకే సరిపోయే జబ్బులు వీటిలో ఉన్నాయి కనుక, ప్రభుత్వ సొమ్ము తోడు లేకుండా ఏ మధ్యతరగతి కుటుంబమూ ఈ ఖర్చును ఈదలేదు. గుంటూరులో ఇలాంటి కుటుంబాలు కొన్నింటికి నేను దరఖాస్తులు రాసిపెట్టాను. వాటిలో ఆలస్యమైనవి ఎక్కువగా కాగితాలలోని లోపం వల్లనే ఆలస్యమయ్యాయి. అందుకే డబ్బు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ముందు, కాగితం ఎలా ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నాను.

మొదటి పని: జబ్బు పేరును రుజువుతో ఖాయం చేయించుకోవడం

"అనుమానం", "కావచ్చు" అన్న మాటలున్న చీటీ మీద ఏ కమిటీ కూడా లక్షల రూపాయలు మంజూరు చేయదు. నాకు తెలిసిన ఒక కుటుంబం డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు పక్కన ఉన్న ప్రశ్నార్థకాన్ని గమనించకుండా దరఖాస్తు పెట్టి, అది తిరిగి వచ్చాక పరీక్ష చేయించుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఈలోగా ఆ పాప కూర్చోగలిగే శక్తిని కొంత పోగొట్టుకుంది. కాబట్టి ఏ జబ్బుకు ఏ పరీక్ష రుజువో ముందే అడిగి తెలుసుకోండి. వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీకి, అంటే ఎస్ఎంఏకి, ఎస్ఎంఎన్1 అనే జన్యువును చూసే పరీక్ష కావాలి. శరీరంలో ఒక్కో ఎంజైము లోపించడం వల్ల వచ్చే గౌచర్, పాంపే, ఫాబ్రీ వంటి వాటికి రక్తంలో ఆయా ఎంజైము ఎంత ఉన్నదో కొలిచే పరీక్ష, దానికి తోడు జన్యు పరీక్ష కావాలి. డుషేన్ కండరాల క్షీణతలో సీపీకే అనే రక్తపరీక్ష దారి చూపుతుందే గాని, నిర్ధారించేది జన్యు పరీక్షే.

పరీక్షకు పంపే ముందు బిడ్డను ఒకసారి ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయించడం మంచిది. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ద్వారా జిల్లా స్థాయిలో పిల్లల లోపాలను త్వరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి, అంటే డీఈఐసీకి వెళ్ళవచ్చు. లేదా గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలోని పిల్లల విభాగానికో, మంగళగిరి ఎయిమ్స్‌కో నేరుగా వెళ్ళవచ్చు. ప్రైవేటు వైద్యుడే జబ్బును కనిపెట్టినా, ప్రభుత్వ ఆసుపత్రి రాసిన రిఫరల్ చీటీ ఒకటి ఫైలులో ఉంటే తరువాతి ప్రతి చోటా మీ మాట తేలికగా చెల్లుతుంది.

రిపోర్టులో బిడ్డ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నదో లేదో అక్కడికక్కడే చూసుకోండి. పుట్టిన పిల్లలకు ఆసుపత్రిలో "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతో రాస్తారు. ఆ తరువాత పెట్టిన పేరుకూ దానికీ పొంతన కుదరక ఆగిపోయిన ఫైళ్ళను నేను చూశాను. జనన ధ్రువపత్రం, ఆధార్, రిపోర్టు మూడింటిలోనూ ఒకే పేరు ఉండాలి.

రెండవ పని: జాతీయ విధానంలో మీ జబ్బు ఏ గుంపులో ఉన్నదో తెలుసుకోవడం

కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మార్చిలో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. ఇందులో జబ్బులను మూడు గుంపులుగా విభజించారు. ఎముక మజ్జ మార్పిడి, కాలేయ మార్పిడి వంటి ఒకసారి చేసే చికిత్సతో నయమయ్యేవి మొదటి గుంపు. ప్రత్యేకమైన ఆహారమో, పోల్చి చూస్తే తక్కువ ఖర్చుతో కూడిన మందో జీవితాంతం కావలసినవి రెండవ గుంపు. మందు ఉన్నా దాని ధర చాలా ఎక్కువై, జీవితాంతం వాడవలసినవి మూడవ గుంపు. గౌచర్, పాంపే, ఫాబ్రీ, వాటిలాగే ఎంజైము లోపం వల్ల వచ్చే ఎంపీఎస్ జబ్బులలో కొన్ని రకాలు, ఎస్ఎంఏ, డుషేన్ ఈ మూడవ గుంపులోకి వస్తాయి.

మొదట్లో 20 లక్షల వరకు, అదీ మొదటి గుంపుకు మాత్రమే సాయం ఉండేది. 2022 మేలో దానిని సవరించి, ఏ గుంపు వారికైనా ఒక్కొక్క రోగికి గరిష్ఠంగా 50 లక్షల వరకు ఇచ్చేటట్టు చేశారు. పాత వార్తలు చదివి "మన జబ్బుకు రాదట" అని వెనక్కి తగ్గిన వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీరు అలా తగ్గవద్దు.

ఈ విధానంలో తల్లిదండ్రులు తప్పక గమనించవలసిన మాట మరొకటి ఉన్నది. పాంపే, ఫాబ్రీ వంటి జబ్బుల పక్కన "అవయవాలు దెబ్బతినక ముందే గుర్తించిన సందర్భాలలో" అన్న అర్థం వచ్చే షరతు ఉంటుంది. గౌచర్ విషయంలో మెదడుకు, నరాలకు పెద్దగా హాని కలగని రకాలనే చేర్చారు. ఆలస్యమైతే బిడ్డ ఆరోగ్యంతో పాటు సాయానికి ఉన్న అర్హత కూడా చేజారవచ్చునని దీని అర్థం. తిథి చూసుకుని హైదరాబాదు వెళ్దామని ఎవరైనా అంటే ఈ షరతును వారికి చదివి వినిపించండి.

మూడవ పని: సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో పేరు నమోదు

ఈ 50 లక్షలు మీ బ్యాంకు ఖాతాలో పడవు. కేంద్రం ఎంపిక చేసిన కొన్ని పెద్ద ఆసుపత్రులకు, అంటే సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లకు ఆ సొమ్ము వెళ్తుంది. అవే మందు కొని రోగికి ఇస్తాయి. మన ప్రాంతానికి దగ్గరలో ఉన్నది హైదరాబాదులోని నిమ్స్, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ కలిసి నడిపే కేంద్రం. పంజాగుట్టలోని నిమ్స్‌లో వైద్య పరీక్ష, చికిత్స జరిగితే, జన్యు పరీక్షల పని సీడీఎఫ్‌డీ చూస్తుంది. చెన్నై ఎగ్మోరులోని పిల్లల ఆసుపత్రి, బెంగళూరులోని సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి గాని, నెలనెలా తిరగవలసిన పనికి, భాష సౌకర్యానికి హైదరాబాదే మేలని నా అభిప్రాయం. రెండు మూడు చోట్ల ఒకేసారి నమోదు చేయించుకుంటే త్వరగా వస్తుందనుకోవడం పొరపాటు. ఒక చోట స్థిరపడి, అక్కడి వైద్యులకు మీ బిడ్డ ముఖం గుర్తుండేటట్టు చేసుకోండి.

వెళ్ళేటప్పుడు బిడ్డను తప్పక తీసుకువెళ్ళండి. కాగితాలతో తండ్రి ఒక్కడే వెళ్ళి, "రోగిని తీసుకురండి" అనిపించుకుని సాయంత్రం బస్సుకు తిరిగి విజయవాడ చేరడం తరచుగా జరిగే సంగతి. బిడ్డ నడక, మెడ నిలపడం, కూర్చోవడం, ఊపిరి పీల్చుకోవడం చూపించే చిన్న చిన్న వీడియోలు నెలకొకటి చొప్పున ఫోన్‌లో ఉంటే, జబ్బు ఏ వేగంతో సాగుతున్నదో వైద్యుడికి తెలుస్తుంది. అక్కడి నిపుణుల కమిటీ రిపోర్టులు చూసి, ఈ మందు ఈ రోగికి మేలు చేస్తుందని నిర్ణయించాకే ప్రతిపాదన ముందుకు కదులుతుంది. నమోదు సంఖ్య, వైద్యుడు రాసిన మందు పేరు, మోతాదు, సంవత్సరానికి అయ్యే ఖర్చు అంచనా, ఈ నాలుగూ రాతపూర్వకంగా తీసుకోకుండా అక్కడి నుంచి కదలవద్దు. మిగిలిన అన్ని దరఖాస్తులకూ ఆ కాగితమే ఆధారం.

నాలుగవ పని: లెక్క వేయడం

ఇది చాలామంది చేయని పని. 50 లక్షలు వస్తాయని తెలియగానే గండం గడిచిందనుకుంటారు. ఎన్నాళ్ళకు వస్తాయో లెక్క చూసుకోరు.

ఎస్ఎంఏకి నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లామ్ మందునే తీసుకుందాం. ఒక సీసాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండేళ్ళు దాటి, 20 కిలోల లోపు బరువున్న పిల్లలకు కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున, 20 కిలోలు దాటిన వారికి రోజుకు 5 మిల్లీగ్రాములు ఇస్తారు. అంటే 10 కిలోల బిడ్డకు రోజుకు 2.5 మిల్లీగ్రాములు, సీసా 24 రోజులు వస్తుంది, సంవత్సరానికి 15 సీసాలకు పైగా కావాలి. విదేశీ కంపెనీ సీసా ధర దాదాపు 6 లక్షల రూపాయలుగా ఉన్న రోజులలో సంవత్సరపు ఖర్చు 90 లక్షలు దాటేది. 50 లక్షలకు ఎనిమిది సీసాలు, అంటే ఆరు నెలల మందు వచ్చేది. 20 కిలోలు దాటిన పిల్లవాడికైతే ఆ ఎనిమిది సీసాలు మూడు నెలలకే అయిపోయేవి.

ఇప్పుడు ఆ లెక్క మారింది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా ఇదే మందును తయారు చేయడాన్ని ఆపాలని పేటెంటు కంపెనీ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2025 మార్చిలో నిలుపుదల ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనం అదే నిర్ణయాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. వెంటనే నాట్కో సీసా ధర 15,900 రూపాయలుగా ప్రకటించింది. ఈ ధరకు 10 కిలోల బిడ్డకు సంవత్సరానికి రెండున్నర లక్షల లోపు, 20 కిలోలు దాటిన వారికి ఐదు లక్షల లోపు సరిపోతుంది. మూడు నెలలకు అయిపోయిన ఆ 50 లక్షలే ఇప్పుడు పదేళ్ళు దాటి వస్తాయి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని క్యాన్సర్ విభాగం భవనాన్ని కట్టించి ఇచ్చినది కూడా ఈ నాట్కో సంస్థే. కాబట్టి మన జిల్లా వారికి ఈ పేరు కొత్తది కాదు. మీ ఫైలులో పాత ధరతో వేసిన అంచనా ఉంటే కొత్త ధరతో మళ్ళీ రాయించండి. కోటి రూపాయల అంచనా చూసి బెదిరే అధికారి, రెండున్నర లక్షల అంచనాను ధైర్యంగా ముందుకు పంపగలుగుతాడు.

ఇదే మార్పు మరికొన్ని జబ్బులలోనూ వచ్చింది. 2023 నవంబరులో కేంద్రం వెల్లడించిన లెక్క ప్రకారం, టైరోసినీమియా ఒకటవ రకానికి వాడే నిటిసినోన్ సంవత్సరపు ఖర్చు దేశీయ తయారీ వల్ల 2.2 కోట్ల నుంచి రెండున్నర లక్షలకు దిగింది. గౌచర్‌కు వాడే ఎలిగ్లుస్టాట్ గుళికలు ఒకటిన్నర కోటికి పైబడిన స్థాయి నుంచి 3 నుంచి 6 లక్షల మధ్యకు, విల్సన్ వ్యాధికి వాడే ట్రయెంటిన్ 2.2 కోట్ల నుంచి 2.2 లక్షలకు తగ్గాయి. మీ వైద్యుడు విదేశీ బ్రాండు పేరు రాసినప్పుడు, "దీనికి మన దేశంలో తయారైన మందు ఉన్నదా, మా బిడ్డకు అది సరిపడుతుందా?" అని మర్యాదగా, తప్పకుండా అడగండి. అన్ని జబ్బులకూ అలాంటి మందు లేదు. ఎలిగ్లుస్టాట్ అయినా ప్రధానంగా పెద్దవారికి, ఒక రకం గౌచర్‌కే.

బరువును బట్టి ఇచ్చే ఎంజైము ఇంజెక్షన్ల విషయంలో లెక్క ఇంకొక విధంగా ఉంటుంది. గౌచర్ బిడ్డకు రెండు వారాలకొకసారి కిలోకు 60 యూనిట్ల చొప్పున రాస్తే, 20 కిలోల బిడ్డకు 1,200 యూనిట్లు, అంటే 400 యూనిట్ల వయల్స్ (ఇంజెక్షన్ మందు సీసాలు) మూడు కావాలి. బిడ్డ 30 కిలోలకు వచ్చేసరికి నాలుగున్నర వయల్స్ అవుతాయి గాని సగం వయల్ కొనలేము కనుక ఐదింటికి డబ్బు కట్టాలి. కాబట్టి ఏటా బరువు పెరుగుదలను కలుపుకుని అంచనా రాయించండి. ఇవాళ్టి బరువుతో రాసిన అంచనా వచ్చే సంవత్సరానికి చాలదు.

ఒకేసారి ఇచ్చే జన్యు చికిత్స జోల్‌గెన్‌స్మా సంగతి వేరు. 2019లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడే దాని ధర 21 లక్షల డాలర్లు దాటింది. ఆ మొత్తం ముందు 50 లక్షలు చిన్నవి. అక్కడ అనుమతి ఇచ్చింది కూడా రెండేళ్ళ లోపు పిల్లలకే. ఆ ఒక్క మందు కోసం విరాళాలు పోగుచేస్తూ, అందుబాటులోకి వచ్చిన నోటి మందును మొదలుపెట్టకుండా నెలలు గడిపేయడం బిడ్డకు చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఐదవ పని: రాష్ట్ర ప్రభుత్వం వైపు తలుపులు తట్టడం

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీగా పిలుచుకున్న పథకం పరిమితి 25 లక్షల వరకు ఉన్నది. అయితే అది జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుంది కాబట్టి కొత్త మందు దానిలో ఉంటుందని ఆశపడవద్దు. బిడ్డకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఆపరేషన్ అవసరమైనప్పుడు అది ఆదుకుంటుంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే జాబితాలో ఉన్నదో లేదో అప్పటికప్పుడు చెబుతారు.

మందు కోసం అడగవలసినది ముఖ్యమంత్రి సహాయ నిధిని. ఖర్చు పెట్టాక బిల్లులతో అడిగేది ఒక పద్ధతి. చికిత్సకు ముందే ఆసుపత్రి ఇచ్చిన అంచనా పత్రంతో, ఖర్చు భరిస్తామని ప్రభుత్వం ఆసుపత్రికి రాసిచ్చే హామీ పత్రం, అంటే ఎల్‌వోసీ అడిగేది రెండవ పద్ధతి. మన దగ్గర ముందే డబ్బు లేదు కనుక రెండవదే దారి. దరఖాస్తు మీ శాసనసభ్యుడి కార్యాలయం ద్వారానో, పార్లమెంటు సభ్యుడి కార్యాలయం ద్వారానో వెలగపూడి సచివాలయానికి వెళ్తుంది. ఆధార్, రేషన్ కార్డు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, వైద్య నివేదికలు, ఆసుపత్రి అంచనా జతచేయండి. అసలు బిల్లులు ఇచ్చేటప్పుడు ప్రతి దానికీ నకలు తీసి మీ దగ్గర ఉంచుకోండి. ఒకసారి లోపలికి వెళ్ళిన అసలు కాగితం మళ్ళీ చేతికి రావడం కష్టం. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఎంపీ గారి లేఖతో వేరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడి నుంచి వచ్చేది ఖర్చులో కొంత భాగమే అయినా, ఆ సొమ్ము కూడా ఆసుపత్రికే వెళ్తుంది కాబట్టి మొత్తం లెక్కలో పనికి వస్తుంది.

సోమవారం నాడు కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వండి. విజయవాడ వారు ఎన్టీఆర్ జిల్లా కలెక్టరుకు, గుంటూరు వారు తమ జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి. అర్జీ ఒక పేజీకి మించకూడదు. మొదటి వాక్యంలోనే బిడ్డ వయసు, జబ్బు, మందు, సంవత్సరానికి కావలసిన సొమ్ము ఉండాలి. కష్టాన్ని వర్ణించే పేరాలు ఎంత నిజమైనా చివరికి పెట్టండి. అర్జీ నమోదైన సంఖ్య ఉన్న రసీదు తీసుకోండి.

నడవలేని స్థితికి వచ్చిన తీవ్రమైన కండరాల క్షీణత రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉన్నది. అది మందుకు చాలదు గాని ఫిజియోథెరపీకి, హైదరాబాదు ప్రయాణాలకు అక్కరకు వస్తుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం ధ్రువపత్రం కోసం మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో స్లాటు ఇప్పుడే బుక్ చేయండి.

ఆరవ పని: మందు విదేశం నుంచి రావలసి ఉంటే

మన దేశంలో దొరకని మందును సొంత వాడకానికి తెప్పించుకోవడానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు ఫారం 12ఎలో దరఖాస్తు చేస్తే ఫారం 12బిలో అనుమతి ఇస్తారు. దానికి వైద్యుడి చీటీ కావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి జాతీయ విధానంలోని అరుదైన వ్యాధులకు సొంత వాడకం కోసం తెప్పించే మందులకు, వైద్య అవసరాల ప్రత్యేక ఆహారానికి కస్టమ్స్ సుంకం పూర్తిగా మినహాయించారు. సాధారణంగా మందులపై 10 శాతం ఉండే సుంకం ఇది. 50 లక్షల మందుపై ఐదు లక్షల మాట. అయితే ఈ మినహాయింపు దానంతట అదే రాదు. కేంద్ర లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరో, జిల్లా వైద్యాధికారో ఇచ్చిన ధ్రువపత్రం విమానాశ్రయంలో చూపాలి. సరుకు బయలుదేరక ముందే ఆ పత్రాన్ని చేతిలో ఉంచుకోండి.

ఏడవ పని: జవాబు రానప్పుడు

నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ దరఖాస్తు ఏ దశలో ఉన్నదో అడగండి. మామూలుగా జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది గాని, మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో ఇవ్వాలని చట్టంలో ఉన్నది. ఆ మాటను దరఖాస్తు తలకట్టులోనే రాసి, వైద్యుడి చీటీ జతచేయండి.

అది కూడా పనిచేయకపోతే నేలపాడులోని హైకోర్టులో రిట్ వేయవచ్చు. పిల్లలకు, స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందించాలని 1987 నాటి చట్టం చెబుతున్నది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను కలవండి. న్యాయస్థానం నుంచి ఏమి ఆశించవచ్చో కూడా తెలిసి ఉండాలి. 50 లక్షల పరిమితి దాటిన ఒక ఎస్ఎంఏ రోగికి మరో 18 లక్షల మందు ఇవ్వాలని కేరళ హైకోర్టు ఆదేశిస్తే, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. కనుక పరిమితిని పెంచమని అడిగే వ్యాజ్యం కంటే, పరిమితిలోపు రావలసిన సాయాన్ని గడువులోగా ఇవ్వమని అడిగే వ్యాజ్యం బలంగా నిలుస్తుందని నా ఉద్దేశం.

ఈ దారిలో ఎక్కడైనా "పది శాతం ఇస్తే పని చేయిస్తాను" అనే మనిషి ఎదురైతే ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. సొమ్ము ఆసుపత్రి ఖాతాకు వెళ్ళేది. మధ్యలో ఎవరూ దానిని కదిలించలేరు.

మంజూరు అయ్యాక

మొదటి విడత మందు చేతికి వచ్చిన రోజునే రెండవ విడత పని మొదలవుతుంది. సీసా తెరిచిన తేదీ, అయిపోయే తేదీ, బరువు, ఫిజియోథెరపీ నిపుణుడు ఇచ్చిన అంకెలు ఒక నోటుపుస్తకంలో రాయండి. మందు మేలు చేస్తున్నదని చూపించే కాగితం లేకుండా కొనసాగింపు అడగడం కష్టం. నిల్వ రెండు నెలలకు తగ్గగానే హైదరాబాదుకు ఫోన్ చేయండి. సెలవులు, ఎన్నికల నియమావళి, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెల, ఇవన్నీ ఫైలును ఆపుతాయి.

ఇక ఇంట్లో ఇంకొక బిడ్డ గురించి ఆలోచన ఉంటే, ముందు జన్యు సలహా తీసుకోండి. తల్లిదండ్రులిద్దరూ లోపమున్న జన్యువును మోస్తున్న జబ్బులలో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండవ బిడ్డకు రాదనుకోవడానికి వీలు లేదు. మన జిల్లాలలో మేనరికాలు ఎక్కువ కనుక అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో పెళ్ళి సంబంధాలు చూస్తున్న వారికి కూడా ఈ సంగతి చెప్పండి. గర్భం దాల్చిన తరువాత 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. అయితే మొదటి బిడ్డలో ఏ మార్పు ఉన్నదో తెలిపే జన్యు రిపోర్టు ఉంటేనే ఆ పరీక్ష సాధ్యమవుతుంది. మొదటి పనిలో చేయించుకున్న ఆ రిపోర్టు అసలు ప్రతిని పాలిథిన్ కవరులో పెట్టి, ఇంటి పత్రాలున్న బీరువాలోనే దాచండి.